కాలని సిగరెట్టు

హీటెడ్ టొబాకో గురించి సిగరెట్టు అలవాటున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఆరోగ్యం గురించి ఉండదు. "అసలు సిగరెట్టు తాగినట్టుంటుందా?" అంటారు. "సిగరెట్టుకన్నా నయమేనా?" అన్నది ఆ తర్వాత వస్తుంది. సలహాలిచ్చేవాళ్లు సాధారణంగా రెండోదానికి జవాబు చెప్పి, మొదటిదాన్ని చిన్నచూపు చూస్తారు. నేను రుచితోనే మొదలుపెడతాను. మానాలనుకునేవాడికి అక్కరకొచ్చే సంగతులు అక్కడే ఎక్కువున్నాయి.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. దమ్ము లాగినప్పుడు సిగరెట్టు కొనన ఉండే నిప్పు 800, 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఈ కొత్త పరికరాలు పొగాకును అంటించవు, బ్యాటరీతో వేడి చేస్తాయి. అందరికీ పేరు తెలిసిన ఐకోస్‌లో ఆ వేడి 350 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అందులో గుచ్చే పుల్ల పొట్టి సిగరెట్టులాగే కనిపిస్తుంది గానీ, లోపల ఉండేది తరిగిన ఆకు కాదు. ఆకును పొడి చేసి, గ్లిజరిన్ కలిపి, పలుచని రేకుగా చేసి, మడతలు పెట్టి చుడతారు. వేడికి గ్లిజరిన్, నికోటిన్ ఆవిరై, మళ్లీ చల్లబడి సన్నని తుంపరగా నోట్లోకి వస్తాయి. బయటికి వదిలినప్పుడు తెల్లగా కనిపించేది ఆ తుంపరే. వేప్‌తో దీన్ని కలిపేసుకోకండి. వేప్‌లో ఉండేది నికోటిన్ కలిపిన ద్రవం, ఇందులో ఉండేది అచ్చంగా పొగాకే.

ఫిలిప్ మోరిస్ కంపెనీ 2014 నవంబర్‌లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో ఐకోస్ అమ్మకం మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత బ్రిటిష్ అమెరికన్ టొబాకో జపాన్‌లోనే సెందాయ్ నగరంలో గ్లో తెచ్చింది. జపాన్ టొబాకోవాళ్ల ప్లూమ్, కొరియా కంపెనీ కేటీ అండ్ జీ వాళ్ల లిల్ కూడా ఈ కోవలోవే.

ఆలోచన మాత్రం పాతది. అమెరికాలో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ 1988లోనే ప్రీమియర్ అనే కాలని సిగరెట్టును తెచ్చింది. కొసన ఉన్న బొగ్గుముక్కను అంటిస్తే, ఆ వేడికి లోపలున్న అల్యూమినియం గొట్టంలోంచి నికోటిన్ ఆవిరి వచ్చేది. బూడిద రాలదు, పొగ తక్కువ. తాగినవాళ్లు మాత్రం మొహం చిట్లించారు. రుచి బాలేదు, వాసన భరించలేం అన్నారు. మరుసటి ఏడాదే కంపెనీ దాన్ని బజారులోంచి వెనక్కి తీసుకుంది. హాని తగ్గిందన్న మాటొక్కటే సరుకును అమ్మిపెట్టదనీ, నాలుక కూడా ఒప్పుకోవాలనీ కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది. ఇవాళ్టి పుల్లల్లో పుదీనా చల్లదనం, పళ్ల వాసనలు ఎందుకు చేరాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

నాలుకకు ఎవరు నేర్పారు?

మొదటిసారి పుల్ల లాగినవాళ్లు చప్పగా ఉందంటారు. కొందరికి పాప్‌కార్న్ గుర్తొస్తుంది. జపాన్‌లో మొదట్లో ఉడికిన మొక్కజొన్న వాసనన్నవాళ్లూ, కాల్చిన చిలగడదుంప వాసనన్నవాళ్లూ ఉన్నారు. కారణం సులువే. సిగరెట్టు కమురు, ఘాటు, గొంతు పట్టుకునే గరుకుతనం, అన్నీ ఆకు కాలడం వల్ల పుట్టేవే. కాలకపోతే అవి పుట్టవు. కొద్దిపాటి వేడికే ఆవిరయ్యే తీపి వాసనలు, గింజలు వేయించినట్టుండే వాసనలే మిగులుతాయి. పైగా ఐకోస్ పుల్ల ఆరు నిమిషాలకో, 14 దమ్ములకో ఆగిపోతుంది, ఏది ముందైతే అది. మొదటి దమ్ముల్లో ఉన్న పట్టు చివర్లో ఉండదు. సిగరెట్టు సగంలో ఆర్పి దాచుకున్నట్టు దీన్ని దాచుకోలేం కూడా. అందుకే వేడెక్కించిన పుల్లను పూర్తిగా లాగేయడం అలవాటవుతుంది.

మెంథాల్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. పుదీనా చల్లదనం నిజంగా చల్లబరచదు. చలిని పసిగట్టే నరాలను అది తట్టి లేపుతుంది, అంతే. గొంతు మండుతుంటే శరీరం "చాలు" అని చెప్తోందన్నమాట. మెంథాల్ ఆ హెచ్చరికను వినపడకుండా చేస్తుంది. దాంతో దమ్ము లోతుగా పోతుంది, కొత్తగా మొదలుపెట్టినవాడికి దగ్గు కూడా తగ్గుతుంది. యూరోపియన్ యూనియన్ 2020 మేలో మెంథాల్ సిగరెట్లను నిషేధించింది. వేడి పొగాకు పుల్లల్లో రుచులను నిషేధించే నియమం 2023 అక్టోబర్ నుంచి వర్తించేలా చేసింది. రుచి గురించి ఇంతగా పట్టించుకున్నారంటే అది అలంకారం కోసం పెట్టింది కాదని వాళ్లకు అర్థమయ్యే ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీ జీవితంలో మొట్టమొదటి సిగరెట్టు ఎలా ఉందో గుర్తు చేసుకోండి. కాలేజీ వెనక గోడ దగ్గరో, బావ పెళ్లిలో డాబామీదో. కళ్లమ్మట నీళ్లు, దగ్గు, తలతిరుగుడు. ఆ రోజున ఎవరికీ రుచిగా లేదు. రుచి తర్వాత వచ్చింది. ఒక్కో దమ్ముతో నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఆ క్షణంలో ఏ వాసన ఉందో, గొంతులో ఏ గరుకు తగిలిందో, చేతిలో ఏ టీ గ్లాసు ఉందో, అన్నిటినీ మెదడు ఒకే మూటగా కట్టి "బాగుంది" అని రాసుకుంటుంది. వేల దమ్ముల తర్వాత ఆ కమురే కమ్మగా తోస్తుంది.

ఇదేదో నా ఊహ కాదు. అమెరికాలో జెడ్ రోజ్ అనే పరిశోధకుడు 1980లలో గొంతు, శ్వాసనాళాలు మొద్దుబారేలా మందిచ్చి సిగరెట్టు తాగించి చూశాడు. నికోటిన్ అందుతున్నా తృప్తి తగ్గింది. 2015లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మరో పరిశోధనలో నికోటిన్ బాగా తగ్గించిన సిగరెట్లను ఆరు వారాలు ఇచ్చారు. మామూలు సిగరెట్లు తాగినవాళ్లకన్నా వీళ్లు రోజుకు తక్కువ తాగారు. మొదటి ప్రయోగంలో నికోటిన్ ఉంది, గొంతుకు గరుకు తెలియలేదు. రెండోదాంట్లో గరుకు ఉంది, నికోటిన్ చాలలేదు. రెండుచోట్లా మూట ముడి వదులైంది.

మన దగ్గర ఇంతకన్నా కళ్లకు కట్టే ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్లు కొందరు చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని లాగుతారు. దాన్నే అడ్డపొగ అంటారు. అంగిలి మీద తెల్లమచ్చలకు, పుండ్లకు, అక్కడే వచ్చే క్యాన్సర్‌కూ దీనికీ ఉన్న సంబంధాన్ని డాక్టర్లు దశాబ్దాల క్రితమే గుర్తించారు. తల్లుల్ని, అత్తల్ని చూసి నేర్చుకున్న అలవాటు అది. నిప్పు నోట్లో పెట్టుకోవడం కూడా హాయిగా ఉందనిపించేలా శరీరానికి నేర్పవచ్చంటే, పాప్‌కార్న్ వాసనకు అలవాటు పడటం ఎంతసేపు? హీటెడ్ పుల్లలకు మారినవాళ్లు చాలామంది కొన్ని వారాలకే "ఇప్పుడు సిగరెట్టు లాగితే కంపు కొడుతోంది" అంటారు. ఆ మాట చాలా విలువైనది. ఇరవై ఏళ్లుగా ప్రాణంగా చూసుకున్న రుచి కొన్ని వారాల్లో కంపైపోగలదన్నమాట. కంపెనీవాళ్లు ఆ సంగతిని కొత్త సరుకు అమ్ముకోవడానికి వాడుకుంటున్నారు. మనం మానడానికి వాడుకోవచ్చు.

తగ్గిందేమిటి, తగ్గనిదేమిటి

ఆరోగ్యం లెక్కలో రెండు పక్కలా అతిశయోక్తులున్నాయి. "సిగరెట్టూ ఇదీ ఒకటే" అనేవాళ్లూ, "ఇందులో ఏమీ ఉండదు, ఆవిరే" అనేవాళ్లూ ఇద్దరూ పొరబడుతున్నారు.

కాలకపోవడం వల్ల కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గుతుంది. సిగరెట్టు పొగలో ఉండే హానికర రసాయనాల్లో చాలావాటి మోతాదు కూడా తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఐకోస్ అమ్మకానికి అనుమతించింది. 2020 జూలైలో, సిగరెట్లు పూర్తిగా మానేసి దీనికి మారితే హానికర రసాయనాలు ఒంట్లోకి చేరడం తగ్గుతుందని చెప్పుకోవడానికి ఒప్పుకుంది. కంపెనీ ఇంకో మాట కూడా అడిగింది, జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకోనివ్వమని. దానికి ఆధారాలు చాలవని సంస్థ ఒప్పుకోలేదు. అమ్మేవాళ్ల నోట మాత్రం ఈ రెండు మాటలూ ఒకటైపోతాయి.

రెండింటికీ తేడా ఎందుకంటే, శరీరం రసాయనాలను శాతాల్లో లెక్కపెట్టుకోదు. గుండె, రక్తనాళాలు కొద్దిపాటి పొగకే బాగా దెబ్బతింటాయి. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. రోజుకు ఇరవై తాగేవాడికి గుండెజబ్బు విషయంలో అదనంగా ఉండే ముప్పులో దాదాపు సగం, రోజుకు ఒక్కటి తాగేవాడికీ ఉంటుందని అందులో తేలింది. ఇరవైని పందొమ్మిది తగ్గించినా సగం మిగిలే ఉంటుంది! ఆఫీసులో పుల్ల, సాయంత్రం స్నేహితులతో నాలుగు సిగరెట్లు అనే పద్ధతి ఎంత దండగో దీన్నిబట్టే తెలుస్తుంది. జపాన్‌లో, కొరియాలో పుల్లలు వాడేవాళ్లలో సిగరెట్టును కూడా వదలనివాళ్లు చాలామందే ఉన్నారు.

కాలిఫోర్నియాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఐకోస్ ఆవిరి పీల్చాక రక్తనాళాలు వ్యాకోచించే శక్తి సిగరెట్టు పొగ పీల్చినప్పటిలాగే తగ్గింది. అదే రాష్ట్రంలో ఇంకో బృందం వాడిన పుల్లల్ని విప్పి చూస్తే లోపల పొగాకు అక్కడక్కడా మాడి ఉంది. పరికరాన్ని శుభ్రం చేయకుండా వాడితే మాడటం ఇంకా ఎక్కువైంది. ఫిల్టర్‌లో ఉన్న ప్లాస్టిక్ పొర వేడికి కరిగి, విషపదార్థం ఒకటి వెలువడటాన్ని కూడా వాళ్లు గమనించారు. ఎలుకలు మనుషులు కావు, నిజమే. కానీ ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్ వంటివి తగ్గినా ఆ ఆవిరిలో ఉన్నాయి. నికోటిన్ మాత్రం పెద్దగా తగ్గలేదు. తగ్గితే కొనేవాడు ఉండడు కదా.

మరి క్యాన్సర్? పొగాకు నుంచి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడానికి రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. ఈ సరుకు వచ్చింది 2014లో. ఇరవై ఏళ్లు పుల్లలే వాడినవాళ్లు ప్రపంచంలో ఇంకా లేరు. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2022లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ జల్లెడ పట్టింది. వేడి పొగాకుతో సిగరెట్టు మానగలుగుతారా అన్నదాన్ని కొలిచిన ప్రయోగం ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. హాని గురించి దొరికిన పదకొండు ప్రయోగాలకూ డబ్బు పెట్టింది పొగాకు కంపెనీలే. వాటి ప్రకారం పుల్లలు వాడేవాళ్ల ఒంట్లో విషపదార్థాలు సిగరెట్టు తాగేవాళ్లకన్నా తక్కువున్నాయి, పొగాకు పూర్తిగా మానేసినవాళ్లకన్నా ఎక్కువున్నాయి. నా లెక్కలో ఈ చివరి పోలికే ముఖ్యం. అమ్మేవాడు ఎప్పుడూ సిగరెట్టు పక్కన నిలబెట్టి చూపిస్తాడు. మీరు మానేసిన మనిషి పక్కన నిలబెట్టి చూడండి.

వెనకటికి "లైట్" సిగరెట్ల విషయంలోనూ ఇదే జరిగింది. యంత్రంలో కొలిస్తే తారు తక్కువ వచ్చింది. మనుషులు మాత్రం ఫిల్టర్ మీది చిల్లుల్ని వేళ్లతో మూసి, లోతుగా లాగి, తమకు కావలసినంత నికోటిన్ రాబట్టుకున్నారు. జబ్బులు తగ్గలేదు. ఆరోగ్యం కోసం మానేద్దామనుకున్న లక్షలమంది లైట్‌కు మారి, అక్కడే ఆగిపోయారు.

మన దేశంలో, పరాయి దేశంలో

మన దేశంలో ఈ చర్చకు చట్టం అడ్డొస్తుంది. ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం, 2019 నిర్వచనంలోనే వేడి పొగాకు ఉత్పత్తుల పేరు ఉంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు నాలుగు డబ్బాలు పట్రా బావా" అని ఫోన్ చేసేవాళ్లు తెలుసుకోవలసిందేమిటంటే, సొంతానికి తెచ్చుకుంటే ఫరవాలేదన్న మినహాయింపు దిగుమతి నిషేధంలో లేదు. దారిలో సింగపూర్‌లో దిగేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. అక్కడ దగ్గర ఉంచుకోవడం, వాడటం కూడా నేరమే. మన దేశంలో చాటుగా అమ్మే సరుకు అసలుదో నకిలీదో చెప్పే నాథుడు లేడు.

సిగరెట్టు దుకాణాల్లో దొరుకుతుంటే దీన్ని నిషేధించడం ఏం న్యాయమని అడిగేవాళ్లున్నారు. అడగదగ్గ ప్రశ్నే. గుంటూరులో పొగాకు బోర్డు, రాజమండ్రిలో పొగాకు పరిశోధన సంస్థ ఉన్న రాష్ట్రంలో ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆ వాదన ఎటు తేలినా మీ ఊపిరితిత్తులకు ఒరిగేదేమీ లేదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

జపాన్‌లోనో ఎమిరేట్స్‌లోనో ఉంటూ ఇప్పటికే పుల్లలు వాడుతున్నవాళ్లకు కొన్ని మాటలు. సిగరెట్టును పూర్తిగా వదిలేయండి. రెండూ కలిపితే లాభం పెద్దగా ఉండదు. పుల్లలక్కూడా ఒక చివరి తేదీ పెట్టుకోండి, లేకపోతే అది మజిలీ కాకుండా ఇల్లయిపోతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో డబ్బా బయట పడేయకండి. మింగితే నికోటిన్ విషం, పైగా కొత్తరకం పుల్లల్లో కొన్నింటిలో పదునైన లోహపు ముక్క ఉంటుంది. గర్భిణులు, గుండెజబ్బున్నవాళ్లు అసలు వాడకూడదు. ఆపరేషన్‌కు ముందు డాక్టరు అడిగితే "సిగరెట్టు మానేశాను" అని ఊరుకోకుండా పుల్లల సంగతీ చెప్పండి. ఇన్సూరెన్స్ ఫారంలో పొగాకు వాడకం గురించి అడిగిన గడికీ ఇదే వర్తిస్తుంది. నికోటిన్ ఒంట్లో కోటినిన్‌గా మారుతుంది, రక్తపరీక్షలో మూత్రపరీక్షలో అది దొరికిపోతుంది. అబద్ధం చెప్పారని తేలితే అవసరమైన రోజున క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

నేర్చినదాన్ని మరిపించడం

మూట విప్పాలంటే నికోటిన్‌ను, రుచిని వేరు చేయాలి. నికోటిన్ చూయింగ్ గమ్ చేసే పని అదే. నికోటిన్ ఇస్తుంది, పొగ రుచి ఇవ్వదు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్లయితే మీ అలవాటు గట్టిదని అర్థం. అలాంటివాళ్లకు 4 మిల్లీగ్రాముల గమ్ కావలసి రావచ్చు, దాని గురించి డాక్టరుతో మాట్లాడండి. మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములు సరిపోతుంది.

గమ్ పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలినవాళ్లే. అలా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, మంట వస్తాయి. నెమ్మదిగా నమలాలి. నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గితే మళ్లీ నాలుగుసార్లు నమలాలి. ఇలా అరగంట. దానికి ముందు పావుగంట టీ, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదు.

గొంతులో గరుకు కోసం తహతహలాడేవాళ్లుంటారు. జెడ్ రోజ్ బృందమే 1994లో మిరియాల సారం ఆవిరిని పీల్పించి చూస్తే సిగరెట్టు యావ తగ్గింది. మిరియాల కషాయానికీ ఆ ఆవిరికీ తేడా ఉంది కాబట్టి హామీ ఇవ్వలేను. కానీ టీలో శొంఠి, మిరియం వేసుకుంటే నష్టమేముంది? గొంతుకు కాస్త పని దొరుకుతుంది. యావ కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది, ఆ నిమిషాలు గడవడమే కావలసింది.

టీ తాగే చోటు మార్చడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పనిచేస్తుంది. రోజూ నిలబడే కేఫ్ ముందు, అదే గుంపులో, అదే ఇరానీ చాయ్‌తో మొదటి రెండు వారాలు గెలవడం కష్టం. టీ మానక్కర్లేదు, కూర్చుని తాగే ఇంకో చోటు చూసుకోండి.

గమ్‌తో కాకపోతే వరెనిక్లిన్, బ్యూప్రోపియాన్ వంటి మందులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో నికోటిన్ గమ్, ప్యాచ్‌లతోపాటు వీటినీ సిఫారసు చేసింది. డాక్టరు రాయకుండా వాడకూడదు. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం. సిగరెట్టు పెట్టె మీదే ఆ నంబరు అచ్చయి ఉంటుంది, రోజూ చేతిలోకి తీసుకుంటూ చదవని నంబరు అది. ఫోన్ చేస్తే ఎప్పటి నుంచి తాగుతున్నారు, ఎన్ని, ఏ వేళల్లో, ఇదివరకు మానడానికి ఏం చేశారు అని అడుగుతారు. ఆ జవాబులు ముందే ఒక కాగితం మీద రాసుకుంటే మాట తేలిగ్గా సాగుతుంది. అందులో మానేసే తేదీ కూడా రాయండి. అది వచ్చే రెండు వారాల లోపే ఉండాలి, ఏ పెళ్లి ముందురోజో, ఆఫీసులో ప్రాజెక్టు అప్పగించే వారమో కాకుండా చూసుకోండి.